ఐదువందలు దేనికి?

కారు స్కానర్ ఏది కొనమంటారని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబులో సలహా ఎంత, నా లాభం ఎంత అని ఈమధ్య విడదీసి చూసుకోవడం మొదలుపెట్టాను. చూసేకొద్దీ లాభం పాలే ఎక్కువగా తేలుతోంది. ఇది రాయడానికి కారణం అదే.

నాది పోర్ట్‌బ్లెయిర్‌లో గారాచర్మా వెళ్లే దారిలో చిన్న కార్ల షెడ్డు. 2024 సెప్టెంబరులో ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. రసీదు పుస్తకం మీద కొత్త పేరే అచ్చు వేయించాను గానీ నోటికి పాతదే వస్తుంది. మా నాన్న సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. 2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్లమని తేలింది. నా షెడ్డుకి వచ్చేవాళ్లలో మాత్రం సగానికి పైగా మనవాళ్లే. జంగ్లీఘాట్ ట్యాక్సీ డ్రైవర్లు, హడ్డోలో ఉండే ఉద్యోగులు, డైరీఫారం దగ్గర చేపల వ్యాన్లు నడిపేవాళ్లు. అందుకే మొహమాటాలూ ఎక్కువ, చుట్టరికాలూ ఎక్కువ, అప్పుపద్దులూ ఎక్కువే.

నేను పని నేర్చుకున్నప్పుడు స్కానర్ అన్న మాటే లేదు. ట్యాక్సీ అంటే అంబాసిడర్, సొంత బండి అంటే మారుతి 800, కొండదారికి జీపు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటే ఏ ట్యాపెట్ కొట్టుకుంటోందో, ఏ బేరింగ్ అరిగిందో తెలిసిపోయేది. మిస్సింగ్ కొడితే ఒక్కో ప్లగ్గు వైరూ లాగి చూసేవాళ్లం. ఏ వైరు లాగితే ఇంజన్ చప్పుడు మారదో, తప్పు ఆ సిలిండర్‌లో ఉన్నట్టు. ఆ చెవి మీద నాకు చాలా గర్వం. ఇప్పటికీ ఉంది. అయితే ఆ గర్వంలో కొంత భయం కూడా కలిసి ఉందని ఒప్పుకోవాలి. స్కానర్ పట్టుకు తిరిగే కుర్ర మెకానిక్కులను ‘కోడ్ మేస్త్రీలు’ అని వెక్కిరించేవాణ్ణి. వాళ్లకు తెలిసినది నాకు తెలియదన్న కడుపుమంటే ఆ వెక్కిరింత.

బండ్లు మాత్రం నా కోసం ఆగలేదు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచే ప్రతి కారుకూ తప్పనిసరి చేసిన, బండి తన తప్పులు తానే పట్టి రాసుకునే ఓబీడీ-2 పద్ధతి మన దేశానికి మెల్లగా వచ్చింది. 2010లో బీఎస్-4 కాలుష్య నిబంధనలతో పాటు మొదటి దశ, 2013లో రెండో దశ. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4 దేశమంతా అమలైంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6, 2023 ఏప్రిల్ నుంచి అందులో రెండో మెట్టు. ఒక్కో మెట్టు ఎక్కిన ప్రతిసారీ బండిలో సెన్సార్లు పెరిగాయి, నా స్క్రూడ్రైవర్‌కి వినిపించేది తగ్గింది. సముద్రం అవతల చెన్నైలో, విశాఖలో రెండోచేతి కొనుక్కుని ఓడలో తెచ్చుకున్న బండ్లు కూడా ఇప్పుడు ఆ బాపతువే.

స్టీరింగు కింద మోకాళ్ల దగ్గర పదహారు పిన్నుల సాకెట్టు ఒకటుంటుంది. అందులో పదహారో పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తాళం తీసేసినా ఉంటుంది. నాలుగూ అయిదూ ఎర్తు. కొత్త బండ్లు ఆరు, పధ్నాలుగు పిన్నుల మీద క్యాన్ అనే పద్ధతిలో మాట్లాడతాయి, పాతవి చాలావరకూ ఏడో పిన్ను మీద కే-లైన్‌లో. క్యాన్ పద్ధతి జర్మనీలో బాష్ కంపెనీ చేసింది. 1986లో దాన్ని లోకానికి చూపించారు. ఆ సాకెట్టులో ఏది గుచ్చినా, మూడొందల బొమ్మ దగ్గర్నుంచి మూడు లక్షల ట్యాబ్ దాకా, ముందు వినేది ఒకటే మాట: ఒక అక్షరం, నాలుగు అంకెలు. పీ అంటే ఇంజనూ గేరూ, బీ అంటే బాడీ, సీ అంటే ఛాసిస్, యూ అంటే కంప్యూటర్ల మధ్య తెగిపోయిన సంభాషణ. పక్కన సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్.

ఈ కోడ్ చదివిపెట్టడానికే నేను ఐదువందలు తీసుకుంటాను. గోడ మీద రాసే ఉంది.

జంగ్లీఘాట్ కుర్రాడొకడు, ట్యాక్సీ నడుపుతాడు, ఓ సాయంత్రం ఆయిల్ మార్పించుకుంటూ అడిగాడు. “అన్నా, ఇంటికాడ ఉంచుకోడానికి స్కానర్ ఒకటి కొందామనుకుంటన్నాను. ఏటి కొనమంటావు?” నేను వెంటనే అన్నాను: “అవన్నీ డొల్ల సరుకురా. ఈసీఎం కాలిపోతే నలభై వేలు ఎవడిస్తాడు? లైటు వెలిగితే బండి ఇటు పట్టుకురా.” వాడు తలూపి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. ఎందుకంటే అది అబద్ధం కాదు, నిజమూ కాదు. సాకెట్టులో గుచ్చే నాసిరకం డాంగిల్ వల్ల బండి కంప్యూటర్లు తికమకపడే సందర్భాలు లేకపోలేదు. కానీ కోడ్ చదివినంత మాత్రాన ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, కాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. వాడి ఈసీఎం మీద నాకున్న ప్రేమ కాదు అది. నా ఐదువందల మీద ఉన్న ప్రేమ.

వాడికి నిజంగా చెప్పవలసింది ఇది.

ఇంటి కోసమైతే చిన్న డాంగిల్ చాలు, ఫోన్‌లో ఒక యాప్ చాలు. బజారులో దొరికే డాంగిళ్లలో ఎక్కువ భాగం కెనడాలోని ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ చేసిన ఈఎల్‌ఎం327 చిప్‌కు నకళ్లు. ఆ కంపెనీ మొదటి చిప్‌కి కాపీ కొట్టకుండా తాళం వేయలేదు. అంతే, లోకమంతా నకళ్లు పుట్టాయి. తమాషా ఏమిటంటే, ‘వెర్షన్ 1.5’ అని డబ్బా మీద రాసుకుని అమ్ముడయ్యే దాన్ని ఆ కంపెనీ అసలు తయారే చేయలేదు. 2022లో ఆ కంపెనీ మూతపడింది గానీ నకళ్లు బతికే ఉన్నాయి. వాటిలోనూ పనికొచ్చేవి ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి మామూలు బ్లూటూత్‌ది సరిపోతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు బ్లూటూత్ లో-ఎనర్జీదో వైఫైదో చూసి కొనాలి, లేకపోతే అది ఫోన్‌తో కలవదు. 2013కి ముందు బండ్లలో కొన్నింటికి సాకెట్టు ఉంటుంది, ఈ డాంగిల్‌తో మాత్రం మాట్లాడవు. అది డాంగిల్ తప్పు కాకపోవచ్చు. పని అయిపోగానే పీకి జేబులో వేసుకోవాలి. పదహారో పిన్నుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి వారం పది రోజులు బండి కదలకపోతే డాంగిల్ బ్యాటరీ తాగేస్తుంది. ఓడెక్కి ఊరెళ్లొచ్చేవాళ్లకు మా దగ్గర ఇది మామూలే.

అన్నిటికంటే ముఖ్యమైనది, కోడ్ కనబడగానే చెరిపేయకూడదు. ఎరేజ్ బటన్ నొక్కితే లైటు ఆరిపోతుంది, దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. అంటే తప్పు జరిగిన క్షణాన ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎంలో తిరుగుతోంది, ఎంత వేడి మీద ఉంది, ఎంత లోడు పడింది అని కంప్యూటర్ పట్టి ఉంచుకున్న లెక్క. మెకానిక్కుకి కావలసింది అదే. ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే ఏదైనా. ఇంకో మాట, కోడ్ చూసే ముందు బ్యాటరీ చూసుకోవాలి. ఇంజన్ ఆపి ఉంచితే పన్నెండున్నర వోల్టుల పైన, నడుస్తుంటే పద్నాలుగు దరిదాపుల్లో ఉండాలి. బ్యాటరీ నీరసపడితే ఒకదానికొకటి సంబంధం లేని యూ కోడ్‌లు గుంపుగా వస్తాయి. వాటిని చూసి సెన్సార్లు మార్చినవాళ్లను నేనెరుగుదును.

ఇంత తెలిసినవాణ్ణి ఇదంతా ఆ కుర్రాడికి ఎందుకు చెప్పలేదు? వాడు స్క్రీన్‌షాట్ పట్టుకొస్తే నాకు ఐదువందలు అడిగే మొహం ఉండదు గనక. ఆమధ్య హడ్డో నుంచి వచ్చిన ఉద్యోగి ఒకాయన ఫోన్ చాపి, “పీ0420 వచ్చిందండీ, క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందంటోంది, ఎంతవుతుంది?” అన్నప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన అన్నది తప్పేమీ కాదు. నాకంటే ముందే ఆయనకు తెలిసిపోయింది, అంతే. “అది చెప్పినదల్లా నమ్మేస్తే ఎలా సార్” అని నా స్కానర్ ట్యాబ్ తగిలించి మళ్లీ అదే కోడ్ చదివాను. అదే కోడ్ వచ్చింది. ఇంకేం వస్తుంది? అప్పుడు గానీ అసలు పని మొదలుపెట్టలేదు. సైలెన్సర్ జాయింటు దగ్గర లీకు ఉందా, ఆక్సిజన్ సెన్సార్ వెనకదీ ముందుదీ ఎలా కదులుతున్నాయి అని చూడటం. ఆ మొదటి పది నిమిషాలు ఆయన కోసం కాదు, నా కోసం.

కోడ్ అనేది పోలీసుస్టేషన్‌లో రాసిన ఎఫ్‌ఐఆర్ లాంటిది. ఫిర్యాదు నమోదైందనే దానర్థం, దొంగ దొరికాడని కాదు. దొంగను పట్టడానికి వేరే పని చేయాలి. ఆ పనికి డబ్బు అడగడం నాకు రాలేదు, ఎఫ్‌ఐఆర్ చదివి వినిపించడానికి మాత్రం అడుగుతున్నాను.

ఇది నాకు బాగా తెలిసొచ్చిన బండి ఒకటుంది. డీజిల్ ట్యాక్సీ. వేడెక్కాక ఆగిపోతోంది, చల్లారాక మళ్లీ స్టార్టవుతోంది. డ్రైవర్ భయమేమిటంటే వారానికి రెండుమూడు సార్లు బారాటాంగ్ తిప్పాలి. జిర్కటాంగ్ చెక్‌పోస్టు దాటాక మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు యాభై కిలోమీటర్లు జారవా గిరిజనుల రిజర్వు. కాన్వాయ్‌లోనే వెళ్లాలి, మధ్యలో బండి ఆపకూడదు, ముందు బండిని దాటకూడదు. అలాంటి చోట ఆగిపోయే బండి ఎవడికి కావాలి? వేరే షెడ్డులో స్కాన్ చేయిస్తే పీ0335 వచ్చింది, క్రాంక్ సెన్సార్ సర్క్యూట్. సెన్సార్ తెప్పించమన్నారట.

ఇక్కడే దీవి లెక్క మొదలవుతుంది. సెన్సార్ చెన్నై నుంచి రావాలి. ఓడ ప్రయాణం మూడు రోజులే. సరుకు ఓడెక్కడానికి పట్టే రోజులే అసలు రోజులు. జూన్ నుంచి వానాకాలంలో సముద్రం బాగోలేకపోతే అదీ చెప్పలేం. ఆన్‌లైన్‌లో చూస్తే చాలా మంది అమ్మకందార్లకు 744101 అనే పిన్‌కోడ్ కొట్టగానే ‘డెలివరీ లేదు’ అని వస్తుంది. వచ్చిన పార్టు బండికి కుదరకపోయినా, తప్పు అది కాకపోయినా, తిరిగి పంపడానికి అయ్యే ఖర్చు పార్టు ధరకి దగ్గరపడుతుంది. అందాకా బండి షెడ్డులో, ఈఎంఐ బ్యాంకులో, డ్రైవర్ ఇంట్లో. విశాఖలో అయితే మధ్యాహ్నం తప్పు పార్టు కొని సాయంత్రం మార్చుకోవచ్చు. ఇక్కడ తప్పు ఊహ ఖరీదు నెల జీతం.

నేను ట్యాబ్ తగిలించి లైవ్ డేటాలో ఆర్‌పీఎం ఒక్కటే పెట్టుకున్నాను. బండి వేడి మీద ఉంది. సెల్ఫ్ కొట్టమన్నాను. ఇంజన్ గిర్రున తిరుగుతోంది, తెర మీద మాత్రం సున్నా. అంటే క్రాంక్ తిరుగుతున్నట్టు కంప్యూటర్‌కు కబురు అందడం లేదు. సెన్సార్ పోయినా ఇదే కనిపిస్తుంది, వైరు తెగినా ఇదే. పక్కనున్న పిల్లాణ్ణి సెల్ఫ్ కొట్టమని నేను బానెట్ కిందికి దూరి, సెన్సార్ వైరింగ్ చేత్తో మెల్లగా కదిలించాను. ట్యాబ్ ఫెండర్ మీద నిలబెట్టి ఉంది. కదిలినప్పుడల్లా సున్నా కాస్తా నూటయాభై, రెండొందలకు ఎగిరి మళ్లీ సున్నా. కనెక్టర్ ఊడదీస్తే లోపల పిన్ను మీద ఆకుపచ్చ పొడి. ఉప్పుగాలి, ఏడాదిలో సగానికి పైగా వాన, మా దీవుల్లో ప్రతి రాగి తీగకూ రాసిపెట్టి ఉన్న రోగం. గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పిన్ను కాస్త బిగించి, గ్రీజు పెట్టి మూశాను. బండి బాగుపడింది. ఇప్పటికీ నడుస్తోంది.

నన్ను తొలిచేది ఆ తర్వాతి భాగం. డ్రైవర్‌కి ఆకుపచ్చ పొడి చూపించి ఐదువందలు అడగడానికి నాకు నోరు రాలేదు. ‘ఇంతేనా’ అంటాడేమోనని. అందుకని కనెక్టర్ మూసేశాక ట్యాబ్ వాడివైపు తిప్పి, గ్రాఫ్ ఒకసారి నడిపి చూపించాను. ఎర్రగీత, పచ్చగీత, పక్కన అంకెలు. అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే చూపించాను. వాడు నమస్కారం పెట్టి డబ్బులిచ్చాడు. వాడి సెన్సార్ డబ్బు, రోజుల తరబడి ఆదాయం మిగిల్చింది నా చేయీ, వైరు కదిలించాలన్న ఆలోచనా. వాటికి రేటు కట్టే ధైర్యం లేక తెరకి కట్టాను. నా చెవి మీద నాకున్నదనుకున్న గర్వం అప్పుడేమైపోయిందో!

పెద్ద ట్యాబ్ మీద మోజు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. కొనేముందు నాకు నేను చెప్పుకున్న కారణాలు వేరు. నూటికి పైగా బ్రాండ్లు చూస్తుంది, తాళాలు ప్రోగ్రాం చేస్తుంది, జర్మనీ బండ్లకు కోడింగ్ చేస్తుంది. ఈ ఊళ్లో జర్మనీ బండ్లు ఎన్ని? నా షెడ్డుకి వచ్చేవి మారుతి, హ్యుందాయ్, మహీంద్రా, టాటా, అప్పుడప్పుడు టొయోటా. ఆ బ్రాండ్ల పట్టికంతా నాకు కాదు, బెంచి మీద కూర్చుని చూసేవాడికి. ఇంకా లోతుకు వెళితే అసలు కోరిక సాక్షి కావాలన్నది. నేను చెప్పిన పార్టు వేశాక బండి బాగవకపోతే, “మిషనే అలా చెప్పింది” అనవచ్చు. చెవితో చెప్పి తప్పితే మాట నాది. తెర చూసి చెప్పి తప్పితే మాట కంపెనీది. ఇంత ఖరీదైన సాక్షిని కొనుక్కోవాలనిపించడం వెనక ఉన్నది పిరికితనమే.

అలాగని ట్యాబ్ దండగ అనను. ఆ క్రాంక్ సెన్సార్ బండి దగ్గర చవక డాంగిల్ కూడా ఆర్‌పీఎం చూపించి ఉండేదేమో గానీ, సెకనుకు ఒకటి రెండుసార్లు మాత్రమే అంకె మార్చే నాసిరకం దానిలో ఆ ఎగరడం కనిపించకపోవచ్చు. షెడ్డుకు కావలసింది వేగంగా గీసే గ్రాఫ్. దానికి మించి యాక్టివ్ టెస్ట్, అంటే ట్యాబ్ నుంచే ఫ్యాన్ తిప్పి చూడటం, పంపు రిలే ఆన్ చేయడం, ఒక్కో ఇంజెక్టర్‌ని ఆపి ఇంజన్ ఎలా స్పందిస్తుందో చూడటం. ప్లగ్గు వైర్లు లాగే మా పాత పద్ధతే, చేతికి షాక్ కొట్టకుండా. ఏబీఎస్ బ్రేకుల్లో గాలి తీయడానికి, కొత్త ఇంజెక్టర్ల కోడ్ ఎక్కించడానికి, థ్రాటిల్‌కి మళ్లీ నేర్పడానికీ అది లేనిదే కుదరదు. బీఎస్-6 డీజిల్ బండ్లు వచ్చాక డీపీఎఫ్ ఒకటి. పొగలోని మసి పట్టే ఆ ఫిల్టర్ తనంతట తాను కాలి శుభ్రపడాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. అబర్డీన్ బజారు నుంచి హడ్డో, హడ్డో నుంచి ఇల్లు, ఎక్కుడూ దిగుడూ, రెండుమూడు కిలోమీటర్ల తిరుగుళ్లలో ఆ వేడి ఎప్పుడు రావాలి? చివరికి లైటు వెలిగి బండి నా దగ్గరికి వస్తుంది. ట్యాబ్‌తో బలవంతంగా కాల్పించాలి. తరచూ దిగ్లీపూర్ దాకా నడిపే బండికి ఈ బాధ తక్కువ. ఓనర్లకు ఈ మాట చెబుతున్నానా? చెబుతున్నాను, కానీ కాల్పించాక.

ఇంటర్నెట్ సంగతి కూడా ఇందులో ఉంది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్, సుమారు 2,300 కిలోమీటర్లది, మొదలయ్యేదాకా మాకు శాటిలైటే దిక్కు. స్కానర్ అప్‌డేట్ అంటే రాత్రంతా నడిపి తెల్లారేసరికి తెగిపోయేది. విశాఖ వెళ్లే చుట్టాల చేతికి ట్యాబ్ ఇచ్చి, అక్కడ డౌన్‌లోడ్ చేయించి తెప్పించుకున్న మెకానిక్కులు ఉన్నారు. ఇప్పుడు నెట్ బాగుంది. అయినా రంగత్‌లోనో మాయాబందర్‌లోనో ఆగిన బండి దగ్గరికి వెళితే సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. సర్వర్‌తో మాట్లాడితే గానీ మెనూ తెరవని ట్యాబ్ అక్కడ పలక ముక్కే. కొనేవాళ్లు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది, బ్రాండ్ల సంఖ్య కాదు. రెండో ప్రశ్న చందా గురించి. ఏడాది గడువు ముగిశాక ఉన్న సాఫ్ట్‌వేర్ పనిచేస్తూనే ఉంటుందా, లేక తాళం పడుతుందా? అమ్మేవాడు తిన్నగా చెప్పకపోతే పడుతుందనుకోవడమే మంచిది.

చందా ఎగ్గొట్టే దారి కూడా ఉంది. పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను పగలగొట్టి, ఏ లాప్‌టాప్‌లోనైనా ఎక్కించి అమ్ముతారు, పదో వంతు ధరకి. అది నాకు వద్దనిపించింది నీతివల్ల అని చెప్పుకుంటే బాగుంటుంది. నిజానికి వైరస్ భయం, సగంలో ఆగిపోతే ఈసీఎం పాడవుతుందన్న భయం. నీతి ఆ తర్వాత వచ్చి పక్కన కూర్చుంది.

ఇక షెడ్డులో కుర్రాడి విషయం. ఇది రాయడానికి వెనకాడాను. నా దగ్గర పనిచేసే పిల్లాడు చురుకైనవాడు. ఫోన్‌లో వీడియోలు చూసి, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనం పాలు సర్దుకునే లెక్క) అంటే ఏమిటో నాకంటే ముందే తెలుసుకున్నాడు. ఒకరోజు ఒక పెట్రోలు బండికి పీ0171 (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) వస్తే, “గురువుగారూ, ఖాళీ తిరుగుడులో లాంగ్ ట్రిమ్ ఇరవై దాటింది, రేజ్ చేస్తే పడిపోతంది. గాలే ఎక్కడో లాగుతంది” అన్నాడు. సరిగ్గా అంతే. ఇన్‌టేక్ పైపు కింది భాగాన చీలిక. రేజ్ చేసినప్పుడు ట్రిమ్ ఇంకా పెరిగి ఉంటే పంపునో ఫిల్టర్‌నో అనుమానించాలి. నేను వాణ్ణి మెచ్చుకోవాలి. “సర్లే, ఆ క్లాంపు బిగించు” అన్నాను. ట్యాబ్‌ని వాడి చేతికి ఇవ్వను. పని అయిపోగానే ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తాను. కిందపడితే లక్ష పోతుందని చెబుతాను. నా భయం ట్యాబ్ కింద పడుతుందని కాదు, వాడు పైకి లేస్తాడని. నేర్చుకుని ప్రోత్రాపూర్‌లో సొంత షెడ్డు పెట్టుకుంటాడని.

2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన తీర్పు గురించి అప్పట్లో పేపర్లో చదివి ఎంత సంబరపడ్డానో గుర్తుంది. ఒక కారు ఓనర్ ఫిర్యాదు మీద నడిచిన కేసు. 14 కార్ల కంపెనీలు స్పేర్ పార్టులనూ, రిపేరు మాన్యువళ్లనూ, డయాగ్నస్టిక్ పరికరాలనూ తమ డీలర్లకే పరిమితం చేసి బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నాయని తేల్చి, మొత్తం 2,544.65 కోట్ల జరిమానా వేశారు. బయటివాళ్లకూ అందేలా చూడమన్నారు. తర్వాత అప్పీళ్లు నడిచాయి, అది వేరే కథ. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పేరుతో పోర్టల్ కూడా పెట్టింది. నేను ఆ తీర్పు వార్త కత్తిరించి షెడ్డులో అంటించాను. వచ్చినవాళ్లందరికీ చూపించి, “చూశారా, మా పొట్ట కొట్టడానికి సమాచారమే దాచేస్తారు” అనేవాణ్ణి. ఆ కాగితం అంటించిన గోడకే ఆనుకుని ఇప్పుడు ఇనప బీరువా ఉంది. కంపెనీలు నాతో చేసినదాన్ని నేను పిల్లాడితో చేస్తున్నాను. కుర్ర డ్రైవర్‌తోనూ చేశాను. వాళ్లకు రెండున్నర వేల కోట్లు, నాకు ఐదువందలు, ఆ ఒక్క తేడానే ఉంది.

ఆ కుర్ర డ్రైవర్ మళ్లీ వచ్చినప్పుడు డాంగిల్ గురించి నేనే ఎత్తాను. ఏది చూసి కొనాలో, ఏది నొక్కకూడదో చెప్పాను. నా పేరు చెప్పి చెన్నైలో ఒక దుకాణానికి ఫోన్ చేయమన్నాను. వాడు కాస్త ఆశ్చర్యంగా చూసి, “అప్పుడు అలా అన్నావు కదన్నా” అన్నాడు. “అప్పుడు నా బేరం చూసుకున్నానురా” అన్నాను. నవ్వాడు, నేనూ నవ్వాను, కానీ వాడి తర్వాతి ప్రశ్న నవ్వుతూనే వచ్చింది: “మరి కోడ్ నేనే పట్టుకొస్తే నీ ఐదువందల్లో ఎంత తగ్గిస్తావు?”

దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. స్కానింగ్ చార్జీ తీసేసి పరీక్షకు గంట లెక్కన రేటు పెట్టాలని ఉంది. ఆకుపచ్చ పొడి తుడిచినా, సెన్సార్ మార్చినా ఒకటే రేటు. కానీ గంట రేటు రాస్తే పక్క షెడ్డులవాళ్లు ఏమనుకుంటారోనని ఒక బెరుకు. తప్పు తొందరగా పట్టేస్తే నాకే తక్కువ వస్తుందని ఇంకో బెరుకు. పిల్లాణ్ణి అడిగితే “ముందు గోడ మీద ఉన్నది తుడిచేద్దామండి, తర్వాత రాసుకుందాం” అంటున్నాడు. ట్యాబ్ చందా మార్చిలో ముగుస్తుంది. ఈసారి అన్ని బ్రాండ్లకూ కాక అయిదింటికే కట్టే వీలుందేమో కనుక్కోమని వాడికే అప్పజెప్పాను. అందుకోసం ట్యాబ్ రెండు రోజులు వాడి దగ్గరే ఉంచాలట.